యంత్రంతో పాటు దాన్ని నడిపే మనిషినీ నిలబెట్టండి

కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, శాస్త్ర సాంకేతిక విభాగం, అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ పెద్దలకు,

నమస్కారం.

నేను కోస్తాంధ్రలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ చెబుతాను. మా ల్యాబ్‌లో నలుగురు రీసెర్చ్ స్కాలర్లున్నారు. రొమ్ము క్యాన్సర్‌తో సంబంధమున్న ఒక ప్రోటీన్ మీద పని చేస్తున్నాం. ప్రోటీన్ తయారు చేసి శుద్ధి చేసుకోవడం వరకు మా దగ్గర అవుతుంది. దాన్ని క్రిస్టల్‌గా పెంచి, దాని మీద ఎక్స్‌రే పంపి ఆకారం చూడాలంటే మాత్రం ఉమ్మడి పరిశోధన కేంద్రాలకు వెళ్లాల్సిందే. ఆ యంత్రాలు కొనే స్తోమత మా విశ్వవిద్యాలయానికి లేదు. కొనాల్సిన అవసరం కూడా లేదు. దేశంలోని అన్ని ల్యాబుల వాళ్లూ కలిసి వాడుకోవాల్సిన యంత్రాలవి. మీరు అలాంటివి పెట్టించారు, అందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అయితే వాటి విషయంలో ఒక్క మాట అందరి ముందూ చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

పోయిన వేసవిలో మా స్కాలర్ ఒకమ్మాయి అలాంటి ఒక కేంద్రానికి వెళ్తూ థర్మోకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని రాత్రంతా రైల్లో కూర్చుంది. స్లీపర్ బెర్త్ ఉన్నా పడుకోలేదు. పెట్టెలో ప్లాస్టిక్ ట్రే ఉంది, దానికి ఇరవై నాలుగు గుంటలు. ఒక్కో గుంట మీద అద్దపు మూత, మూతకు కిందివైపు వేలాడే చిన్న చుక్క. ఆ చుక్కల్లో ఆరింటిలో మాత్రమే క్రిస్టల్స్ పెరిగాయి. ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు ఉంటుందేమో. మైక్రోస్కోప్ కింద పెడితే పటిక బెల్లం తునకల్లా మెరుస్తాయి. వాటిని పెంచడానికి ఏడు నెలలు పట్టింది. ఉప్పు కొంచెం ఎక్కువైనా రావు, గది కొంచెం వేడెక్కినా కరిగిపోతాయి. ఏప్రిల్లో కరెంటు పోయినప్పుడల్లా ఆ అమ్మాయి హాస్టల్ నుంచి ల్యాబ్‌కు పరిగెత్తుకొచ్చి ట్రే చుట్టూ ఐస్ ప్యాకులు పేర్చేది. రైలు కుదుపులకు చుక్క జారితే ఆ ఏడు నెలలూ పోయినట్టే. అందుకే పెట్టె ఒళ్లోంచి దించలేదు.

ఆ కేంద్రంలో యంత్రం మీద మాకు స్లాట్ దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ కేంద్రం పేరు రాయను, ఇది ఒక్క కేంద్రం గొడవ కాదు కాబట్టి. ఆ అమ్మాయి వెళ్లేసరికి యంత్రం మీద కవరు కప్పి ఉంది. చెడిపోలేదు, నిక్షేపంగా ఉంది. దాన్ని నడిపే ఆపరేటర్ ప్రాజెక్టు ఉద్యోగం మార్చి 31తో ముగిసిందట. పొడిగింపు కాగితం ఏదో ఆఫీసులో ఆగింది. ఇంట్లో పాప, అద్దె, అన్నీ చూసుకోవాల్సిన మనిషి ఎన్నాళ్లు కూర్చుంటాడు? కంపెనీ ఉద్యోగంలో చేరిపోయాడు. మిగిలిన వాళ్లలో ఎక్స్‌రే షట్టర్ తెరిచే అనుమతి ఎవరికీ లేదు. రెండు రోజులు గెస్ట్‌హౌస్‌లో ఎదురుచూసి ఆ అమ్మాయి పెట్టెతో తిరిగొచ్చింది. వచ్చాక ట్రే మైక్రోస్కోప్ కింద పెడితే రెండు చుక్కలు ఎండిపోయి ఉన్నాయి. మిగతా వాటి మీద తెట్టు కట్టింది.

ఆ అమ్మాయి ఏడవలేదు. పక్కన కూర్చుని, "మేడమ్, మళ్లీ ప్రోటీన్ పెడతాను" అంది. ఈ ఉత్తరం రాయాలని ఆ పూటే అనుకున్నాను.

ఈ పని నాకెందుకు ముఖ్యమో చెప్పాలి. మా పెద్దమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఆ తర్వాత ఆమె కూతురు, మా అక్క, జన్యు పరీక్ష చేయించుకుంది. రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వు చదివిందిదేగా, ఏముందో చెప్పు" అంది. పాడైతే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ1 జన్యువులో ఒక్క అక్షరం మారిందని ఉంది. కింద ఒక వాక్యం: ఈ మార్పు వల్ల ప్రమాదం ఉందో లేదో తేల్చలేం. ఆ మార్పేమిటో ఇక్కడ రాయను, అది ఆమె సొంత సంగతి. ఆపరేషన్ చేయించుకోవాలా, ఏటా స్కానింగ్‌తో సరిపెట్టుకోవాలా, కూతురికి కూడా పరీక్ష చేయించాలా అని అక్క అడిగింది. అన్నిటికీ నా దగ్గరున్న జవాబు ఆ రిపోర్టులో ఉన్నదే. అలాంటి కాగితం పట్టుకుని తిరిగే ఆడవాళ్లు మన దగ్గర ఎందరో. బీఆర్‌సీఏ జన్యువుల మీద ప్రపంచంలో జరిగిన పరీక్షల్లో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్న వాళ్లవి. మన వాళ్లలో కనిపించే మార్పులు చాలావాటికి అక్కడ పోలిక దొరకదు.

ప్రోటీన్ ఆకారం కొంత జవాబు చెప్పేది ఇక్కడే. ఆ జన్యువు చెప్పినట్టు తయారయ్యే బీఆర్‌సీఏ1 ప్రోటీన్, అమైనో ఆమ్లాలనే ఇటుకలు 1,863 కలిసిన గొలుసు. దాని తోక భాగం ఎలా మడత పడి ఉంటుందో 2001లో కెనడా శాస్త్రవేత్తలు క్రిస్టల్‌తో చూపించారు. ఆ తోకలో ఒక చిన్న గుంట ఉంది. డీఎన్‌ఏ మరమ్మతులో పాలుపంచుకునే తోటి ప్రోటీన్లు వచ్చి అందులో కూర్చుంటాయి. 1775వ స్థానంలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఆర్జినిన్ వస్తే ఆ గుంట పాడవుతుంది, వచ్చినవాటికి చోటుండదు. కొన్ని కుటుంబాల్లో ఆ మార్పుతో రొమ్ము క్యాన్సర్ ఎందుకు వస్తోందో బొమ్మ చూస్తే అర్థమవుతుంది. ఆకారం ఒక్కటే చూసి డాక్టరు నిర్ణయం తీసుకోకూడదు, కుటుంబ చరిత్ర, కణాల్లో చేసే పరీక్షలు అన్నీ కలవాలి. కానీ "తేల్చలేం" అనే కాగితం ముందు ఏమీ చెప్పలేక కూర్చోవడం కంటే అది ఎంతో మేలు.

మందుల విషయానికి వస్తే, ఇది తెలుగు వాళ్లకు కొత్త కథ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో తన బృందంతో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ కోవలోదే మెథోట్రెక్సేట్, ఈ రోజుకీ మన క్యాన్సర్ వార్డుల్లో వాడుతున్నారు. ఆ మందు డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైములో ఎక్కడ, ఎలా ఇరుక్కుంటుందో క్రిస్టల్‌తో కళ్లకు కట్టినట్టు తెలిసింది 1977లో. తన మందు కూర్చున్న చోటు చూడకుండానే ఆయన వెళ్లిపోయారు. ఇప్పుడు మందు తయారు చేసేవాళ్లు ముందే ఆ చోటు చూసి, దానికి తగ్గట్టు అణువును గీసుకుంటున్నారు.

ఇమాటినిబ్ సంగతి హైదరాబాద్‌లో మందుల రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. క్రానిక్ మైలాయిడ్ లుకీమియా అనే బ్లడ్ క్యాన్సర్ రోగుల బతుకు మార్చిన మాత్ర అది. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన దగ్గర నెలకు లక్ష రూపాయలు దాటిన ఆ మందును హైదరాబాద్‌కు చెందిన నాట్కో 2003లో పదో వంతు ధరకే తెచ్చింది. పేటెంటు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013 ఏప్రిల్ 1న తీర్పు వచ్చింది. ఇదంతా పేపర్లలో వచ్చిన కథ. రానిది ఇంకొకటుంది. ఆ మందు ఈ క్యాన్సర్‌ను నడిపే ఏబీఎల్ అనే ప్రోటీన్‌ను, అది పనిచేయకుండా ముడుచుకుని ఉన్నప్పుడు దొరకబుచ్చుకుంటుందని 2000లో జాన్ కురియన్ అనే శాస్త్రవేత్త బృందం క్రిస్టల్‌తో చూపించింది. కొందరు రోగుల్లో మందు పనిచేయడం మానేసిన సంగతి ఆ మరుసటి ఏడే బయటపడింది. వాళ్ల ఏబీఎల్ ప్రోటీన్‌లో 315వ స్థానంలో థ్రియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వచ్చింది. మందును ప్రోటీన్‌తో పట్టి ఉంచే ఒక హైడ్రోజన్ బంధం తెగిపోయింది, పైగా కొత్తగా వచ్చిన లావుపాటి అమైనో ఆమ్లం దారికి అడ్డం కూర్చుంది. ఆ అడ్డాన్ని బొమ్మలో చూసి, దాని పక్కనుంచి దూరేంత సన్నని త్రిబంధం ఉన్న పొనాటినిబ్‌ను తయారుచేశారు. 2012 చివర్లో అది రోగులకు అందింది. చవకగా మందు చేయడంలో మన ఊరు ప్రపంచానికి దారి చూపింది. మందు ఎందుకు ఆగిపోయిందో చూసి తర్వాతి మందు గీసే పని కూడా ఇక్కడే ఎందుకు జరగకూడదని నా తపన.

యంత్రాలు లేవా అంటే ఉన్నాయి. ఇండోర్‌లో ఆర్ఆర్‌క్యాట్ అనే కేంద్ర పరిశోధన సంస్థలో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది. 172 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో ఎలక్ట్రాన్లు తిరుగుతూ ఎక్స్‌రేలు వెదజల్లుతాయి. అక్కడ బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్లు ప్రోటీన్ క్రిస్టల్స్ కోసమే ఒక బీమ్‌లైన్, అంటే ఆ ఎక్స్‌రేలను క్రిస్టల్ దాకా తెచ్చే దారి, నడుపుతున్నారు. ప్రోటీన్‌ను గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే జాతీయ క్రయో-ఈఎం కేంద్రం బెంగళూరులో ఉంది. ముంబయిలో టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థలో, బలమైన అయస్కాంతంతో ప్రోటీన్ ఆకారం చూసే పెద్ద ఎన్ఎంఆర్ యంత్రాలున్నాయి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్, ఇటలీలోని ట్రియెస్టె సింక్రోట్రాన్లలో మన శాస్త్రవేత్తలకు చోటు దొరికేలా డబ్బు పెట్టింది కూడా మన ప్రభుత్వమే. దేశంలో ఏ యంత్రం ఎక్కడుందో చెప్పే ఐ-స్టెమ్ పోర్టల్ కూడా ఉంది. ఇవన్నీ చిన్న విషయాలు కావు.

కానీ పోర్టల్‌లో యంత్రం పేరు కనబడటానికీ, మా క్రిస్టల్ మీద ఎక్స్‌రే పడటానికీ మధ్య ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి గురించి ఏ మంజూరు కాగితంలోనూ సరిగ్గా రాయరు.

పన్నెండేళ్ల కిందట, నేను పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్‌గా ఉన్నప్పుడు, రాత్రి రెండు గంటలకు ఒక ఆపరేటర్ పక్కన కూర్చున్నాను. మా క్రిస్టల్‌ను సన్నని నైలాన్ లూప్‌తో పట్టి, నైట్రోజన్ చల్లగాలి ముందు పెట్టాం. ఆ గాలి సున్నాకు 173 డిగ్రీలు కింద ఉంటుంది. మొదటి చిత్రం తెర మీదికి వచ్చింది. మంచి క్రిస్టల్ అయితే ఎక్స్‌రే తెర నిండా చుక్కలు వేస్తుంది. ఆ చుక్కలు ఉండాల్సిన చోట నల్లటి వలయాలు. క్రిస్టలే మంచిది కాదనుకుని నేను నీరుగారిపోయాను. ఆయన తెర వైపు ఒక్కసారి చూసి, "క్రిస్టల్ బాగుందమ్మా, ఇది మంచు. మంచు కట్టకుండా వేసే గ్లిసరాల్ మీరు తక్కువ వేశారు. ఇరవై అయిదు శాతం చేసి ఇంకోటి తీయండి" అన్నారు. తీశాం. ఈసారి తెర నిండా చుక్కలు, అంచుల దాకా. నా మొదటి పేపర్ ఆ రాత్రి పుట్టింది. ఆయన పేరు కృతజ్ఞతల్లో ఒక్క వరుసలో వచ్చింది. ఆయన అప్పటికి తొమ్మిదేళ్లుగా ఆ యంత్రం దగ్గరే ఉన్నారు, ఆ తొమ్మిదేళ్లూ ఏడాదికోసారి పొడిగింపు మీదే.

క్రయో-ఈఎం అయితే ఇంకా సున్నితం. గ్రిడ్ అనే మూడు మిల్లీమీటర్ల సన్నని జల్లెడ మీద ప్రోటీన్ చుక్క వేసి, బ్లాటింగ్ పేపర్‌తో అద్ది, రెప్పపాటులో ద్రవ ఈథేన్‌లో ముంచాలి. పొర మందమైతే ఏమీ కనబడదు, మరీ పలచనైతే ప్రోటీన్ చితికిపోతుంది. ఎంత సేపు అద్దాలో చెప్పే పుస్తకం లేదు. చేతికి అలవాటు కావాలి. అది వెయ్యి గ్రిడ్లు చేసినవాడి దగ్గర నిలబడి చూసి నేర్చుకోవాల్సిందే. ఈ పద్ధతికి బాట వేసిన డుబోషె, ఫ్రాంక్, హెండర్సన్‌లకు 2017లో నోబెల్ ఇచ్చారు. ఆ విద్యను మన దగ్గర రోజూ పిల్లలకు నేర్పేవాళ్లకు మాత్రం వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. పదుల కోట్లు పెట్టి కొన్న మైక్రోస్కోప్ అలాంటి వాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

అమెరికాలో నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఈ పని ఎలా చేసిందో చూడండి. 2017లో ఫ్రెడరిక్‌లో క్యాన్సర్ పరిశోధకుల కోసమే జాతీయ క్రయో-ఈఎం కేంద్రం తెరిచింది. దేశంలో ఏ మూల నుంచైనా గ్రిడ్లు పెట్టి పంపితే అక్కడి సిబ్బంది డేటా తీసి వెనక్కి పంపుతారు, పరిశోధకుల దగ్గర రుసుము తీసుకోరు. చికాగో దగ్గర ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలోని సింక్రోట్రాన్‌లో ఇదే సంస్థ మరో సంస్థతో కలిసి ఒక బీమ్‌లైన్ విభాగాన్ని పోషిస్తోంది. చిన్న చిన్న క్రిస్టల్స్ కోసం మైక్రాన్లలో కొలిచే సన్నని కిరణం అక్కడ ఉంటుంది. క్యాన్సర్ కేంద్రాలకిచ్చే గ్రాంటులోనే ఉమ్మడి పరికరాల నిర్వహణకూ, వాటి సిబ్బంది జీతాలకూ చోటుంటుంది. వాళ్ల దగ్గర డబ్బు ఎక్కువ, ఒప్పుకుంటాను. నేను అడిగేది వాళ్లంత డబ్బు కాదు. యంత్రాన్నీ, మనిషినీ, సేవనూ ఒకే మూటగా చూసే ఆ తీరు మనకూ కావాలి.

ఒకసారి ఒక సమావేశంలో నేను ఈ మాట ఎత్తితే, "ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ ఉందిగా, కంప్యూటరే ఆకారం చెబుతుంటే ఈ యంత్రాలెందుకు" అని ఒకరు అడిగారు. ఆల్ఫాఫోల్డ్ గొప్ప పని, మేమూ రోజూ వాడతాం. 2024 రసాయన నోబెల్‌లో దానికి వాటా దక్కడం న్యాయమే. కానీ ఒక్క అమైనో ఆమ్లం మారితే ప్రోటీన్ ఎంత బలహీనపడుతుందో చెప్పడానికి దాన్ని తయారు చేయలేదు. మా అక్క రిపోర్టులో ఉన్నది ఆ ఒక్క మార్పే. అసలు ఆ ప్రోగ్రాం నేర్చుకున్నదే ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి. 1971లో ఏడు ఆకారాలతో మొదలై ఇప్పుడు రెండు లక్షలు దాటిన ఆ గనిని నింపింది ఇలాంటి రాత్రుళ్లు కూర్చున్న మనుషులే.

ఇక నా మనవి. ఇకనుంచి ఉమ్మడి కేంద్రంలో పెద్ద యంత్రం ఏది మంజూరు చేసినా, అదే కాగితంలో దాన్ని నడిపే శాస్త్రవేత్తలకూ టెక్నీషియన్లకూ శాశ్వత పోస్టులు రాయండి. ప్రాజెక్టు పోస్టులు వద్దు. వాళ్లకు ప్రమోషన్ ఉండాలి, అది వాళ్ల సొంత పేపర్ల లెక్కతో కాక ఎంతమంది పరిశోధకులకు డేటా ఇచ్చారన్న లెక్కతో రావాలి. ఇప్పటికే ఏళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఆపరేటర్లను ముందు నిలబెట్టుకోండి. కొత్తవాళ్లను తయారు చేయడానికి కనీసం రెండు మూడేళ్లు పడుతుంది. ఆ మధ్యలో యంత్రం మూలన పడితే నష్టపోయేది మనమే.

ఏఎంసీ, అంటే ఏటా యంత్రం నిర్వహణ ఒప్పందానికి కట్టే డబ్బు కూడా అంతే. వారంటీ అయిపోయాక ఏటా మెయింటెనెన్స్‌కు, హీలియానికి, నైట్రోజన్‌కు ఆయా సంస్థల డైరెక్టర్లు ఎక్కడెక్కడో వెతుక్కుంటున్నారు. యంత్రం ఆయుష్షు ఉన్నన్నాళ్లకూ సరిపడా డబ్బు మొదట్లోనే పక్కన పెట్టండి. ఒక యంత్రం తక్కువ కొన్నా పరవాలేదు.

క్యాన్సర్ పని కోసం ప్రతి ఉమ్మడి కేంద్రంలో కొంత సమయం విడిగా కేటాయించండి. 2022 అంతర్జాతీయ అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్ కేసులు వచ్చాయి, 9 లక్షలకు పైగా జనం చనిపోయారు. ఆసుపత్రుల వరకు టాటా మెమోరియల్ ఆధ్వర్యంలో క్యాన్సర్ ఆసుపత్రులను కలిపే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ 2012 నుంచి ఒక దారి చూపించింది. పెద్ద ఆసుపత్రిలో ఉన్న నైపుణ్యం చిన్న ఊరి ఆసుపత్రికి అందేలా చేసింది. అదే గ్రిడ్‌కు ప్రోటీన్ల ఆకారం చూసే స్ట్రక్చరల్ బయాలజీ కేంద్రాలను కూడా కలపండి. విశాఖ అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలోనో, హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రిలోనో డాక్టరుకు రోగి జన్యువులో ఒక తెలియని మార్పు కనబడితే, దాన్ని ఎవరి ల్యాబ్‌కు పంపాలి, ఆ ల్యాబ్ వాళ్లకు యంత్రం మీద సమయం ఎప్పుడు దొరుకుతుంది అన్నది ఒక్క ఫోనుతో తేలాలి. ఇప్పుడు అది పరిచయాల మీద నడుస్తోంది. నాకు తెలిసిన డాక్టర్లు నాకు పంపుతారు, నేను నాకు తెలిసినవాళ్లను అడుగుతాను. పరిచయాలు లేని ల్యాబ్ ఏమవ్వాలి?

రాష్ట్ర విశ్వవిద్యాలయాల పిల్లల దగ్గర రుసుము తీసుకోకండి. రైలు చార్జీ, రెండు రోజుల బస ఇవ్వండి. వెళ్లలేనివాళ్లు క్రిస్టల్స్‌ను డ్రై షిప్పర్‌లో, అంటే నైట్రోజన్ చలిని పట్టి ఉంచే డబ్బాలో, పంపితే అక్కడే డేటా తీసి పంపే ఏర్పాటు అన్ని కేంద్రాల్లోనూ పెట్టండి. దానికీ మళ్లీ మనిషే కావాలి.

ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు కూడా లేదు. ప్రతి ఉమ్మడి యంత్రం నెలకు ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని గంటలు ఆగింది, ఎందుకు ఆగిందో ఐ-స్టెమ్‌లో అందరికీ కనబడేలా పెట్టించండి. "ఆపరేటర్ లేరు" అని ఎన్ని చోట్ల రాయాల్సి వస్తుందో చూడండి. మార్చి 31 తర్వాత వారం ముఖ్యంగా చూడండి.

మా అమ్మాయి మళ్లీ ప్రోటీన్ పెట్టింది. పోయిన నెల రెండు చుక్కల్లో సూదుల్లాంటివి కనబడ్డాయి. అవి ఇంకా క్రిస్టల్స్ అనడానికి లేదు, రోజూ పొద్దున్నే చూస్తోంది. స్లాట్ కోసం మళ్లీ దరఖాస్తు పెట్టాం. కేంద్రం నుంచి రసీదు వచ్చింది, తేదీ రాలేదు. తేదీతో పాటు, ఆ రోజు అక్కడ యంత్రం దగ్గర ఎవరుంటారో వాళ్ల పేరు కూడా రాసి పంపండి. ఆ అమ్మాయి ముందు రోజు రాత్రి వాళ్లతో ఫోన్లో మాట్లాడి, గ్లిసరాల్ ఎంత వేయాలో అడిగి మరీ బయలుదేరుతుంది.

ఇట్లు,
మీ ఉమ్మడి కేంద్రాల మీదే ఆధారపడ్డ
ఒక బయోకెమిస్ట్రీ అధ్యాపకురాలు